సింహపురి సాగరతీరం – ఒక సమాలోచన

‘పొరుగింటి పుల్లకూర రుచి’ అన్నారు పెద్దలు. ఈ సామెత కూరలకే కాదు, చదువులకు కూడా వర్తించునని ఈమధ్య నాకు తోచినది.

గత సంవత్సరం మన కళాశాల వ్యాసరచన పోటీకి ‘నాకు నచ్చిన ఒక విదేశీ ప్రాంతం’ అన్నది విషయంగా ఇచ్చినాము. ఒక విద్యార్థిని స్పెయిన్ దేశపు తూర్పు తీరాన ఉన్న వాలెన్సియా ప్రాంతాన్ని ఎన్నుకొని, అక్కడి నారింజ తోటలను, వరిమడులను, ఇసుకతిన్నెల వెనుక నిలిచిన అల్బుఫేరా సరస్సును, ఆ సరస్సుమీద వ్రాలే పక్షులను చక్కగా వర్ణించినది. బహుమతి ఆమెకే వచ్చినది, రావలసినదే. బహుమతి ప్రకటించిన నాడు తరగతిలో నేను మాటవరుసకు, “మన పులికాట్ సరస్సు కూడ ఇట్టిదే గదా! దానికి సముద్రపు నీరు ఏ మార్గాన వచ్చును?” అని అడిగినాను. ఆమె మౌనం వహించినది. తరగతి అంతయు మౌనం వహించినది. వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి లేచి, “మొగ పూడిపోయింది సార్. నీళ్ళు రావు, రొయ్యా రాదు. అందుకే మా నాయన చెన్నైలో పనికి పోయినాడు” అన్నాడు. అతడు పోటీకి పేరు ఇవ్వలేదు. తాను వ్రాయదగినది ఏమియు లేదనుకున్నాడట!

ఆ మాట నన్ను చాలదినములు వదలలేదు. మూడు చిన్న వాక్యాలలో ఆ బాలుడు ఒక ప్రాంతపు ప్రకృతిని, ఆర్థిక స్థితిని, ఒక కుటుంబ చరిత్రను చెప్పివేసినాడు. మనమేమో ఈ మూడింటిని మూడు వేర్వేరు పుస్తకాలలో చదువుచున్నాము. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే: మన తీరపు వారసత్వం, ప్రకృతి, జీవనోపాధి వేరువేరు కావు, మూడింటికి మూలం నీరే. ఆ నీటిని వాడుకొనువారందరు ఒకచోట కూర్చుండి మాటలాడుకొననంత కాలం ఈ మూడింటిలో ఏదియు నిలువదు.

ముందుగా తీరాన్ని ఒకసారి కలయజూతము. అవిభక్త నెల్లూరు జిల్లాకు 160 కిలోమీటర్లకు పైబడిన సముద్రతీరం ఉండెడిది. 2022లో జిల్లాలను విభజించినపుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరినవి. కాగితంమీద గీత మారినంత మాత్రాన నీటి పోకడ మారదు గనుక, ఈ వ్యాసంలో ఆ తీరమంతటిని ఒకటిగానే భావించుచున్నాను. నడుమ పెన్నానది సముద్రంలో కలియుచున్నది. పెన్నకు దక్షిణాన కండలేరు ఉప్పుటేరు, కృష్ణపట్నం. ఇంకను దిగువన స్వర్ణముఖి, దుగరాజపట్నం. ఆపైన కాళంగి నీటిని అందుకొనే పులికాట్ సరస్సు. సముద్రానికి కొద్దిదూరంలో, తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ. కాలువకు ఆవల ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, పట్టపువారి కుప్పాలు. ఈవల వరి మాగాణులు, రొయ్యల చెరువులు.

మన వాన కూడ ప్రత్యేకమైనది. దేశానికంతటికి నైరుతి ఋతుపవనం ప్రాణాధారం కాగా, మనకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనమే ముఖ్యం. ఆ మూడు నెలల వానతోనే చెరువులు నిండును, సరస్సు నిండును, పక్షులు వచ్చును; ఆ మూడు నెలల్లోనే తుఫానులు కూడ వచ్చును. మనకు అన్నంపెట్టే చేయి, చెంపదెబ్బ కొట్టే చేయి ఒక్కటే.

ఇక ఆ విద్యార్థిని వ్రాసిన వాలెన్సియాను కొంచెం దగ్గరగా చూడవలెనని నేను కూడ కొన్ని పుస్తకాలు తిరుగవేసినాను. చూచినకొలది అది నాకు పొరుగూరు వలె కనిపించినది. అక్కడ కూడ పెద్దవాన శరత్కాలంలోనే. అక్కడ కూడ సముద్రానికి, సరస్సుకు నడుమ సన్నని ఇసుకపట్టె, దానిమీద చెట్లు. సరస్సు చుట్టును వరి. మరియొక సంగతి మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఆసక్తి కలిగించును. అల్బుఫేరా అన్నమాట అరబీలోని ‘అల్ బుహైరా’ నుండి వచ్చినది. చిన్న సముద్రమని అర్థం. స్పానిష్ భాషలో బియ్యాన్ని ‘అర్రోస్’ అందురు. అది అరబీ ‘అర్రుజ్’. పంటకాలువను ‘అసేకియా’ అందురు. అది అరబీ ‘అస్సాఖియా’. ఆనకట్టను ‘అసూద్’ అందురు, అది ‘అస్సుద్ద్’. అరబ్బుల పాలనలో అక్కడ వరిసాగు, కాలువల వ్యవస్థ వర్ధిల్లినవి. 1238లో అరగాన్ రాజు మొదటి జేమ్స్ ఆ నగరాన్ని జయించినాడు. రాజ్యం మారినది, ప్రార్థనామందిరాలు మారినవి; కాని నీటి పంపకం మాత్రం ముసల్మానుల కాలంలో ఎట్లుండెనో అట్లే ఉండవలెనని ఆ రాజు శాసించినాడు. నీటి విషయంలో జేత కూడ తలవంచినాడు!

అదే 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి ఏలుబడిలో, ఇక్కడ పెన్నా ఒడ్డున తిక్కన సోమయాజి మహాభారతంలోని పదునైదు పర్వాలను తెనిగించినాడు. ఆ కాలపు తెలుగుచోడుల రాజ్యానికి పెన్నా మాగాణులు అన్నపూర్ణలై, రేవులు రాబడి మార్గాలై ఉండెడివి. కవిత్వం గాలిలో పుట్టదు; పండిన పొలం ప్రక్కన పుట్టును.

తరువాతి కాలంలో మన తీరానికి ఓడలు వచ్చినవి. 1610లో డచ్చివారు పులికాట్‌లో వర్తకస్థానం నెలకొల్పి, 1613లో గెల్డ్రియా అనే కోటను నిర్మించినారు. మన నేతగాండ్రు నేసిన బట్టలు అక్కడి నుండి తూర్పు ద్వీపాలకు పోయెడివి. 1626లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం వద్ద వర్తకశాల కట్టి, దానిని ‘ఆర్మగాం’ అని పిలుచుకొన్నది. అక్కడ అధికారిగా ఉండిన ఫ్రాన్సిస్ డే అనువాడే 1639లో చెన్నపట్నపు స్థలాన్ని కంపెనీకి సంపాదించిపెట్టినాడు. అనగా చెన్నపట్నం పుట్టుకకు మునుపు మన దుగరాజపట్నం ఒక మజిలీ. నేడు ఆ ఊరి పేరు చెప్పిన మన విద్యార్థులలో ఎందరు గుర్తింతురో నాకు సందేహమే.

ఓడలతోపాటు మాటలు కూడ దిగినవి. ‘బందరు’ పారసీక పదం, రేవు అని అర్థం. ‘లంగరు’ అట్టిదే. ఓడమీది ‘సరంగు’, ‘కళాసి’ కూడ అట్లు వచ్చినవారే. చివరకు మనలను ఏటేట వణికించే ‘తుఫాను’ సైతం ఆ త్రోవనే వచ్చి తెలుగుమాటయై కూర్చున్నది. దీనికి బదులుగా మన దక్షిణాది భాషల ‘ఆనకట్ట’ ఆంగ్లంలో ‘అనికట్’ అయినది. స్పెయిన్ ‘అసూద్’ అన్నది అరబీ నుండి తీసికొన్నట్లే ఇంగ్లండు ‘అనికట్’ను మన నుండి తీసికొన్నది. నీటిని అదుపుచేయ నేర్చినవాని మాట ఎక్కడనైనను చెల్లుబడి అగును.

ఇంతకంటె దూరం పోయిన పేరు ఇంకొకటి కలదు. బ్రెజిల్ దేశంలో కోట్లాది పశువుల జాతిని ‘నెలోర్’ అని పిలుతురు. ఒంగోలు ప్రాంతం పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండుటచేత, ఆ పశువులు మన జిల్లా పేరుతో 19వ శతాబ్దంలో సముద్రం దాటిపోయినవి. అక్కడివారు నేటికిని ఆ పేరును నిలుపుకొన్నారు.

మన తీరపు వారసత్వమంటే కోటలు, వర్తకశాలలు మాత్రమే కాదు. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగను చూడుడు. ఆ నీటిలో దిగి, కోరిక తీరినవారు రొట్టెనిత్తురు, కోరిక కలవారు పుచ్చుకొందురు. ఇచ్చువారి కులమేది, పుచ్చుకొనువారి మతమేది అని ఎవరును అడుగరు. పెన్నా ఒడ్డున రంగనాథుడు, చెరువు ఒడ్డున షహీదులు, కోడూరు సముద్రపుటొడ్డున వేళాంగిణి మాత. ఇవన్నియు నీటి అంచులనే వెలసినవని మనం గమనించినామా? చెరువు ఎండిన నాడు రొట్టెల పండుగ ఏ నీటిలో జరుగును? కాబట్టి వారసత్వాన్ని కాపాడుట అనగా గోడలకు సున్నం వేయుట మాత్రమే కాదు.

ప్రకృతి విషయానికి వత్తము. ఒడిషాలోని చిలికా తరువాత మన దేశంలోకెల్ల పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దానిలో అధికభాగం మన రాష్ట్రంలోను, దక్షిణపు కొన తమిళనాడులోను ఉన్నవి. నదుల మంచినీరు ఒకవైపు, మొగల గుండా సముద్రపు నీరు ఇంకొకవైపు వచ్చి కలియుటచేతనే ఆ సరస్సులో రొయ్య, పీత, చేప పెరుగును. సముద్రంలో గ్రుడ్డు వీడిన రొయ్యపిల్ల మొగ దాటి సరస్సులోకి వచ్చి, పెరిగి, మరల సముద్రానికి పోవలెను. ఆ తలుపు మూసికొనిపోయినచో అంతయు ఆగిపోవును. రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుకతో పూడిపోవుటచేత సరస్సు ఉత్తరభాగం వేసవిలో బీటలువారుచున్నది. నదుల నుండి వచ్చే ఒండ్రు, తీరంవెంట అలలు మోసితెచ్చే ఇసుక ఇందుకు కారణాలు. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సుకు అడ్డముగా వేసిన రోడ్డుకట్ట కూడ నీటి రాకపోకలను కొంత అడ్డగించినది. మన విద్యార్థి చెప్పిన ‘మొగ పూడిపోయింది’ అనే వాక్యం వెనుక ఇంత శాస్త్రం ఉన్నది.

1976లో పులికాట్‌ను, దానికి సమీపాన ఉన్న నేలపట్టు చెరువును పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించినారు. చలికాలంలో ఫ్లెమింగోలు వేలసంఖ్యలో పులికాట్‌లో దిగును. అవి మేత మేయుట అక్కడ. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు గూళ్ళుకట్టి పిల్లలను పొదుగుట నేలపట్టు చెరువులో నీట నిలిచిన కడప చెట్లమీద. నేలపట్టు గ్రామస్థులు ఈ పక్షులను తరతరాలుగా చుట్టాలవలె చూచుకొన్నారు. ఇది కేవలం భూతదయ కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి ఎరువగునని వారు ఎరుగుదురు. పక్షి చెరువును నమ్ముకొన్నది. చెరువు నీటిని పొలం నమ్ముకొన్నది. పొలాన్ని రైతు నమ్ముకొన్నాడు. రైతు పక్షిని కాచినాడు. ఇంతకంటె గొప్ప ప్రకృతిశాస్త్ర పాఠం ఏ విశ్వవిద్యాలయంలో దొరకును? 2025 జనవరిలో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగోల పండుగ మరల జరిగినది. సంతోషమే. కాని పండుగ మూడునాళ్ళది. సరస్సుకు నీరు సంవత్సరమంతయు కావలెను.

బకింగ్‌హాం కాలువ కథ కూడ ఇట్టిదే. 1806లో చెన్నపట్నం వద్ద మొదలైన ఈ కాలువను 1876–78 నాటి ధాతుకరువులో, ఆకలితో వచ్చిన కూలీలచేత త్రవ్వించి పొడిగించినారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవలమీద దీనివెంట పోయెడివి. రైలు, లారీ వచ్చిన తరువాత, తుఫానుల తాకిడికి గట్లు తెగిన తరువాత, దీనిని మరచినాము. పూడి, ముండ్లపొదలు మొలచి పడియున్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఉప్పొంగిన సముద్రపు నీటిని చాలచోట్ల ఈ కాలువయే తనలోనికి త్రాగి, వెనుకనున్న ఊళ్ళను కాచినది. ఆకలిగొన్నవారి చేతులతో త్రవ్విన కాలువ వారి మనుమలకు కోటగోడ అయినది. పనికిరాదని మనం పారవేసిన వస్తువు ప్రాణం నిలిపినది.

ఇప్పుడు జీవనోపాధిని చూతము. పెన్నా ఆనకట్టల క్రింది మాగాణులు మన తొలి సంపద. నెల్లూరు మొలగొలుకుల పేరు ఒకనాడు దక్షిణదేశమంతట వినబడెడిది. నెల్లూరు పరిశోధనా కేంద్రం రూపొందించిన ‘నెల్లూరు మసూరి’ అనే ఎన్.ఎల్.ఆర్. 34449 రకం ఈ కాలపు బిడ్డ. 2022 సెప్టెంబరులో సంగం వద్ద, నెల్లూరు వద్ద క్రొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. 1971లో శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. 1980 జులైలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినది. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడినుండియే చంద్రుని దరికి బయలుదేరినది. మన ఇసుకదిబ్బలమీద నుండి చంద్రమండలానికి త్రోవ పడినదన్న గర్వం మనకు ఉండదగినదే. ఆ ద్వీపంలో తరతరాలుగా వేట, అడవి ఫలసాయాలతో బ్రతికిన యానాదులు తమ చోటు విడిచిపోవలసి వచ్చినదన్న స్మృతి కూడ ఆ గర్వంలో భాగంగా ఉండవలెను.

2008లో కృష్ణపట్నం వద్ద ఆధునిక ఓడరేవు ప్రారంభమైనది. దానివెంట సముద్రపు నీటితో చల్లబరచుకొనే బొగ్గు విద్యుత్కేంద్రాలు, వంటనూనెల శుద్ధి కర్మాగారాలు వచ్చినవి. కోట, చిల్లకూరు ప్రాంతాల తెల్లని సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు లారీలలో పోవుచున్నది. ఆ ఇసుకయే వాననీటిని ఇంకించుకొని, ఉప్పునీరు లోనికి రాకుండ ఆపునన్నది మనం మరువరాదు.

రొయ్య కథ వేరుగా చెప్పదగినది. 1990 తరువాత తీరమంతట రొయ్యల చెరువులు వెలసినవి. నిన్నటి కౌలుదారు నేడు కారు కొన్నాడు. నాలుగైదేండ్లలోనే తెల్లమచ్చ తెగులు సోకి టైగరు రొయ్య చెరువులు చెరువులుగా చచ్చినది, అప్పులు మిగిలినవి. చెరువుల ఉప్పునీరు ప్రక్కపొలాలకు, త్రాగునీటి బావులకు దిగినదని గ్రామాలు మొరపెట్టుకొన్నవి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పులో, పులికాట్, చిలికా సరస్సుల చుట్టు వేయి మీటర్ల లోపల రొయ్యల చెరువులుండరాదని చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం చేసినది. 2009 తరువాత వనామి రకం వచ్చి మరల సిరులు తెచ్చినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినపుడు, మన చెరువుగట్టుమీది రైతు గుండెలు జారినవి. వాషింగ్టన్‌లో సంతకం, మన గట్టుమీద కన్నీరు! ఒక్క పంటను, ఒక్క సంతను నమ్ముకొన్న ప్రాంతం ఎంత బలహీనమైనదో ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

ఇది చదివి, నేను ఓడరేవుకు, చెరువులకు విరోధినని ఎవరైనను అనుకొనవచ్చును. కాదు. నా వద్ద చదువుకొన్న విద్యార్థులెందరో నేడు ఆ రేవులోను, ఆ కర్మాగారాలలోను పనిచేసి ఇల్లు నిలుపుచున్నారు. ఆకలిమీద నిలుచుండి పక్షులను చూచి ఆనందింపుడని ఎవరికి చెప్పగలము? వాలెన్సియా కూడ మునివాటిక కాదు. మధ్యధరా సముద్రంలోని పెద్ద ఓడరేవులలో అది ఒకటి. సరస్సుకు సమీపాన అల్ముసాఫెస్‌లో 1976లో ఫోర్డు కార్ల కర్మాగారం వెలసినది. అదే కాలంలో ఊళ్ళ మురికినీరు, కర్మాగారాల నీరు చేరి అల్బుఫేరా నీరు పచ్చబడి, చేప తగ్గినది. ఇసుకపట్టెమీద అడవిని కొట్టి, దిబ్బలను చదునుచేసి విలాస భవనాలు కట్టబూనినారు. ప్రజలు ఎదురు నిలిచినారు. 1979లో ఎన్నికైన నగరసభ ఆ కట్టడాలను ఆపించినది. దిబ్బలను మరల పోయించినారు. 1986లో సరస్సును ప్రకృతివనంగా ప్రకటించినారు. అయినను నీటికి పూర్వపు స్వచ్ఛత నేటికిని పూర్తిగా రాలేదు. పాడుచేయుటకు పదేండ్లు చాలును. బాగుచేయుటకు ఏబదియేండ్లును చాలవు.

వారినుండి నేర్వదగినది ఆ సరస్సు అందం కాదు, వారి కట్టుబాటు. వాలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, పెద్ద దేవాలయపు ద్వారం ముందు, నీటి న్యాయసభ కూర్చుండును. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకొన్న ప్రతినిధులే న్యాయమూర్తులు. వకీలు లేడు, కాగితం లేదు. నీరు దొంగిలించినాడని ఒకడు చెప్పును, కాదని మరియొకడు చెప్పును, అప్పటికప్పుడు తీర్పు. అరబ్బుల కాలం నుండి వచ్చిన సంప్రదాయమని భావించి 1960లో దానికి వేయేండ్ల ఉత్సవం జరిపినారు. 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వంగా గుర్తించినది. అల్బుఫేరా ఒడ్డున ఎల్ పల్మార్ అనే జాలరిపల్లెలో ఏ చోట ఎవరు వలవేయవలెనో ఏటేట చీట్లువేసి నిర్ణయింతురు.

ఇది విని ఆశ్చర్యపడనక్కరలేదు. పులికాట్ దక్షిణభాగపు పల్లెలలో ‘పాడు’ అనే కట్టుబాటు ఉన్నది. అది కూడ ఇదియే. వలవేసే చోట్లను వంతులవారీగా, చీట్లవారీగా పంచుకొందురు. బలవంతుడు మంచిచోటు కాజేయుటకు వీలులేదు. ఏడు సముద్రాల ఆవల ఒకరు, ఈవల ఒకరు, ఒకరినొకరు ఎరుగని జాలరులు ఒకే న్యాయాన్ని కనుగొన్నారు. మన పల్లెల్లో చెరువునీటిని వంతులుగా విడిచే నీరుకట్టు ఉండెడివాడు. కాబట్టి నీటి న్యాయం మనకు దిగుమతి సరుకు కాదు.

ఐతే పాతదంతయు బంగారమని కూడ నేననను. ఎల్ పల్మార్‌లో ఆడబిడ్డలకు ఆ జాలరి సంఘంలో చోటు లేకుండెను. వారు న్యాయస్థానానికెక్కి సాధించుకొనవలసి వచ్చినది. మన ‘పాడు’లో కూడ కులం వెలుపలివారికి చోటు లేదు, చేతులతో రొయ్య పట్టుకొనే యానాదికి వంతు రాదు. కట్టుబాటును నిలుపుకొనవలెను, దాని తలుపును వెడల్పు చేయవలెను.

నేడు మన పరిస్థితి ఏమి? 1997లో మన రాష్ట్రం చేసిన చట్టంవలన మాగాణి రైతులకు నీటి సంఘాలు వచ్చినవి. జాలరులకు సహకార సంఘాలున్నవి. రొయ్యల రైతులకు వారి సంఘాలున్నవి. పక్షులు అటవీశాఖవారి లెక్క. రేవు పరిశ్రమలవారి లెక్క. దర్గా, గుడి మరియొకరి లెక్క. లెక్కలన్నియు వేరు, నీరు మాత్రం ఒక్కటే. ఎగువన రైతు విడిచిన మందునీరు దిగువన రొయ్యల చెరువుకు వచ్చును. చెరువు విడిచిన నీరు ఉప్పుటేటికి, అచ్చటినుండి సరస్సుకు వచ్చును. వీరందరు కూర్చుండి ఎదురెదురుగా మాటలాడుకొనే అరుగు ఏది? మొగ ఎప్పుడు త్రవ్వవలెను, ఎంత త్రవ్వవలెను అన్నది నిర్ణయించునాడు, వలవేసేవాని మాట, యానాది మాట విన్నవారెవరు?

ఇది తీరికవేళ చర్చ కాదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయినది. కోవూరు ప్రాంతపు ఊళ్ళు నీట మునిగినవి. 2024 అక్టోబరు 29న వాలెన్సియాలో కురిసిన వానకు రెండువందల ఇరువదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. వేయేండ్ల నీటిసభ ఉన్న చోటనే, నీరు పోయే త్రోవలో ఇండ్లు కట్టినందున, హెచ్చరిక ఆలస్యమైనందున అంతటి నష్టం కలిగినది. నీరు తన పాతత్రోవను మరువదు, మనమే మరతుము. ఆ త్రోవలు ఊరి ముసలివారికి తెలియును, జాలరికి తెలియును, యానాదికి తెలియును. అడుగుటయే తరువాయి.

కావున కళాశాల పాలకవర్గంవారికి నా విన్నపం చిన్నది. సంవత్సరానికొకసారి, డిసెంబరు నెలలో, విద్యార్థులను ఒక బస్సులో దుగరాజపట్నానికి, పులికాట్‌కు, నేలపట్టుకు పంపుడు. గ్రంథాలయంలో ఒక్క అర ‘మన తీరం’ పేరిట ఉంచుడు. అందులో పుస్తకాలు కొన్నియే యుండవచ్చును; మిగిలిన చోటును మన విద్యార్థుల వ్రాతపుస్తకాలు నింపును. ఉర్దూ విభాగంవారు సముద్రపు పనివారి నోట నిలిచిన అరబీ, పారసీక పదాలను సేకరింతురు. తెలుగు విభాగంవారు వలల పేర్లను, చేపల పేర్లను, గాలుల పేర్లను సేకరింతురు. ఏ ఊరి మొగ ఏ యేట పూడినది, ఏ చెరువు ఏ వరదకు తెగినది అని పెద్దలనడిగి వ్రాసుకొందురు. ఇందుకు డబ్బు అంతగా అక్కరలేదు, చెవి కావలెను. పదేండ్లకు అట్టి వ్రాతలు ఒక చోటికి చేరినచో, రేపు ఎవరైనను ఈ నీటిని గురించి సభచేసినపుడు మన కళాశాల వట్టిచేతులతో పోవలసిన పని ఉండదు.

విద్యార్థులారా! వాలెన్సియాను గురించి చదువుడు, వద్దనను. లోకాన్ని చూచినవానికే తన ఊరు సరిగా కనబడును. కాని అక్కడి సరస్సు పేరు తెలిసిన నోటికి ఇక్కడి మొగ పేరు తెలియకుండుట చదువు కాదు. ఈ సంవత్సరం వ్యాసరచన పోటీకి విషయం నిర్ణయించే బాధ్యత మరల నాకు వచ్చినది. ‘మా ఊరి నీరు’ అని ఇచ్చినాను. వెనుక బల్ల విద్యార్థి ఈసారి అందరికంటె ముందుగా పేరు ఇచ్చినాడు.